దెబ్బకూ చప్పుడుకూ మధ్య

ఫోనులో ఆడుకునే ఆట తయారు చేద్దామని నలుగురు కుర్రాళ్లు కూర్చుంటే మొదటి సాయంత్రమంతా ఒకటే వాదన, ఏ ఇంజిన్ వాడాలని. యూనిటీయా, గొడోనా, అన్‌రియలా? దేంట్లో బొమ్మ బాగా మెరుస్తుంది, దేనికి పాఠాలు ఎక్కువ దొరుకుతాయి, ఏది నేర్చుకుంటే హైదరాబాదులో ఉద్యోగం వస్తుంది? ఇవి పనికిమాలిన ప్రశ్నలని నేననను. కానీ చప్పుడు సంగతి ఆఖరి వారంలో గాని ఎవరికీ గుర్తు రాదు. తెలుగు అక్షరాల సంగతి ఇంకా ఆలస్యం. ఆట దాదాపు పూర్తయ్యాక, "మళ్లీ ఆడు" అన్న బొత్తాం మీద ళకారం కింద ఉండాల్సిన ఒత్తు పక్కకొచ్చి నిలబడ్డప్పుడు తెలుస్తుంది. అప్పటికి ఇంజిన్ మార్చడమంటే ఆటను మొదటినుంచి రాసుకోవడమే.

అందుకని ఈ అధ్యాయంలో వరస తిరగేస్తున్నాను. ముందు లిపి, తర్వాత చెవి, ఇంజిన్ అన్నిటికంటే చివర. మొదటి రెండు పరీక్షలూ పెట్టి చూస్తే, వాదనలో ఉన్న పేర్లలో కొన్ని వాటంతటవే రాలిపోతాయి.

పరీక్షకు ఆటలు కావాలి. గుంటూరు, ప్రకాశం పల్లెలు ఎరిగినవే రెండు తీసుకుందాం. ఒకటి పులిజూదం. రెండోది ఇప్పటిదాకా ఎవరూ పటం గీసి ఆడనిది: తెర మీద డప్పు, వేలితో కొడితే దరువు. చూడటానికి రెండూ చిన్న ఆటలే. కంప్యూటరుకు మాత్రం ఒకదానికీ ఇంకోదానికీ పోలికే లేదు.

పులిజూదం పటాలు పాత గుళ్ల మండపాల్లో బండల మీద చెక్కి ఉంటాయి. పల్నాటి ఇళ్ల నాపరాయి అరుగుల మీద సుద్దముక్కతో గీసుకుని, చింతపిక్కలూ గులకరాళ్లూ పెట్టి ఆడిన తరాలున్నాయి. గీతలు కలిసే చోట్లు 23, పులులు 3, మేకలు 15. మేకలను ఒక్కొక్కటిగా పటం మీదికి దించుతూ పోవాలి. పక్కనున్న మేక మీదుగా పులి దూకి అవతలి ఖాళీలో పడితే ఆ మేక పోయినట్టు. మూడు పులులకూ కదిలే దారి లేకుండా చేస్తే మేకల పక్షం గెలిచినట్టు.

ఫోనే ప్రత్యర్థిగా ఆడాలంటే ఎంత లెక్క చెయ్యాలో చూద్దాం. మూడు పులులను 23 చోట్లలో పెట్టే తీరులు 1,771. మిగిలిన 20 చోట్లలో 15 మేకలను సర్దే తీరులు 15,504. రెండూ హెచ్చిస్తే 2,74,57,584. మేకలు కొన్ని పోయిన స్థితులన్నీ కలుపుకున్నా దాదాపు 185 కోట్లు. పటం ఎడమా కుడీ ఒకేలా ఉంటుంది గనక అందులోనూ సుమారు సగం చూస్తే చాలు. చదరంగంతో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు. నాలుగైదు ఎత్తులు ముందుకు చూసి ఆడే ప్రత్యర్థిని, దుకాణంలో దొరికే అతి చవక ఫోను కూడా కన్ను మూసి తెరిచేలోగా నడిపిస్తుంది. కదలిక తక్కువ, బొమ్మలు తక్కువ, ఆటగాడు ఎత్తు వేసిందాకా యంత్రం ఊరికే కూర్చుంటుంది. చప్పుడు పావు సెకను ఆలస్యంగా వచ్చినా ఎవరికీ పట్టదు.

ఇలాంటి ఆటకు అన్‌రియల్ లాంటి ఇంజిన్ దండగ. ఇక్కడ ఇంజిన్‌కూ ఫ్రేమ్‌వర్క్‌కూ తేడా చెప్పాలి. ఇంజిన్ అంటే బొమ్మలు అమర్చే కిటికీ, భౌతికశాస్త్రపు లెక్కలు, చప్పుడు కలిపే చోటు, ఫోనుకు సరిపడా మూట కట్టే పనిముట్టు అన్నీ కలిసి వచ్చేది. ఫ్రేమ్‌వర్క్ అంటే తెర మీద గీయడం, తాకిడి కనిపెట్టడం, చప్పుడు వినిపించడం వంటి పనులకు సిద్ధంగా ఉన్న కోడు. ఆట ఎలా నడవాలో మొత్తం మనమే రాసుకోవాలి. బ్రౌజరులో నడిచే ఫేజర్, లువా భాషలో రాసే లవ్, సి భాషకు రేలిబ్, పైథాన్‌కు పైగేమ్ ఈ రెండో జాతివి. పులిజూదానికి ఇవన్నీ సరిపోయినట్టే కనిపిస్తాయి. లిపి పరీక్ష పెట్టిందాకా.

పరీక్ష చాలా చిన్నది. ఖాళీ తెర మీద నాలుగు మాటలు రాయించండి: పత్తి, మిర్చి, పల్నాడు, ప్రకాశం. మన ప్రాంతంలో పండేవి రెండు, ప్రాంతం పేర్లు రెండు. నాలుగింటిలోనూ ఒత్తు ఉంది. ఇవి సరిగా కనిపించకపోతే ఆ ఇంజిన్‌కు మన భాష రానట్టే.

ఎందుకు కనిపించదు? యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించినవి 128 స్థానాలే. అందులో అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు, అంకెలు ఉన్నాయి గాని తవత్తుకో రావత్తుకో విడిగా స్థానం లేదు. "పత్తి" అన్న మాట ఫోను జ్ఞాపకంలో ప, త, పొల్లు, త, గుడి అని అయిదు సంకేతాలుగా ఉంటుంది. మనం చూసే రూపంలో మొదటి తకారం తలకట్టు పోయి దానికి గుడి వస్తుంది, రెండో తకారం ఒత్తుగా మారి కిందికి దిగుతుంది, పొల్లు అసలు కనిపించకుండా పోతుంది. సంకేతాల వరసలో చిట్టచివర ఉన్న గుడి చూపులో మొదటి తకారం నెత్తిన ఎక్కింది. ఈ కూర్పంతా చేసే ప్రోగ్రాము వేరే ఉంటుంది. ఫాంటులో రాసి ఉన్న నియమాలు చదివి, ఏ సంకేతాల గుంపుకు ఏ ఆకారం పెట్టాలో అదే తేలుస్తుంది. వీటిలో ఎక్కువ చోట్ల వాడేది హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలోనూ ఆండ్రాయిడ్‌లోనూ తెలుగు సవ్యంగా కనిపించేది దాని పుణ్యమే.

ఈ కూర్పు ఎంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో లోకమంతటికీ తెలిసింది. "జ్ఞా" అన్న అక్షరం ఒక ప్రత్యేకమైన సంకేతాల వరసలో వస్తే ఐఫోన్లలో సందేశాల యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. అంత పెద్ద సంస్థకే తెలుగు అక్షరం కొరుకుడు పడలేదంటే, ఇంగ్లీషు తప్ప మరో లిపి ఊహలో లేకుండా రాసిన చిన్న ఫ్రేమ్‌వర్క్ సంగతి చెప్పేదేముంది?

రేలిబ్ ఒక్కొక్క సంకేతాన్నీ విడివిడిగా తెర మీద పెట్టుకుంటూ పోతుంది. అందులో "పత్తి" అయిదు ముక్కలు. లవ్ 11వ తరం దాకా అదే పరిస్థితి. యూనిటీలో అందరూ అక్షరాలకు వాడే టెక్స్ట్‌మెష్ ప్రోకు భారతీయ లిపుల కూర్పు రాదు. తెలుగు కావాలంటే అదనపు పనిముట్లు వెతుక్కోవాలి, లేదా కొత్త తరం యూనిటీలో వేరే అక్షర వ్యవస్థకు మారాలి. గొడో 3వ తరంలో కూర్పు లేదు. 2023 మార్చిలో వచ్చిన 4వ తరంలో హార్ఫ్‌బజ్‌ను లోపలే చేర్చారు. తెలుగు ఆట తయారు చేసేవాళ్లకు గొడో 3కీ 4కీ మధ్య ఇంతకంటే పెద్ద తేడా లేదని నా అభిప్రాయం. మెరుపు బొమ్మల గురించి రాసిన పేజీల మధ్య ఈ సంగతి ఒక్క వాక్యంగా దాక్కుని ఉంటుంది. ఫేజర్ అక్షరాలు గీయించే పనిని బ్రౌజరుకే వదిలేస్తుంది గనక, శ్రమ లేకుండా తెలుగు వచ్చేస్తుంది.

కూర్పు రాని ఇంజిన్‌లో మాటలను ముందే బొమ్మలుగా గీసి పెట్టుకోవడం ఒక దారి. పది బొత్తాల ఆటకు అది చాలు. ఆటగాడి పేరు అడిగితే మాత్రం అక్కడే ఆగిపోతారు. ఫాంట్లకు కరువు లేదు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. మన గుంటూరు జిల్లా ఊరు ఇంటిపేరుగా మారిన తెనాలి రామకృష్ణుడి పేరుతోనూ ఒకటుంది. లైసెన్సు కూడా ఆటలో కలుపుకోవడానికి ఒప్పుకునేదే.

పులిజూదం కథ ఇంతటితో తేలిపోయింది. లిపి గెలిపించిన రెంటిలో, ఫేజర్ గాని గొడో 4 గాని, జట్టులో ఎవరికి ఏది వస్తే అది.

డప్పు దగ్గర కథ తిరగబడుతుంది. అక్కడ రాసి చూపించాల్సింది దాదాపు ఏమీ లేదు, భారమంతా చెవి మీదే.

శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టలు తోలే మనిషి డబ్బా కొడితే, వంద మీటర్ల అవతల గట్టు మీదున్న మనకు చెయ్యి పడటం ముందు కనిపిస్తుంది, మోత 0.29 సెకన్ల తర్వాత వినిపిస్తుంది. పుట్టిన దగ్గరనుంచీ ఇదే చూస్తున్నాం గనక, చప్పుడు బొమ్మ వెనక రావడం మెదడుకు అలవాటు. ముందు రావడం ప్రకృతిలో లేదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం టీవీ ప్రసారాల కోసం పెట్టిన కొలతల్లో ఈ సంగతి అంకెల్లో కనిపిస్తుంది. చప్పుడు బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తే చూసేవాళ్లు పట్టేస్తారు. వెనక వచ్చేటప్పుడు 125 దాకా తెలియదు.

ఈ 125 అంకె చూసి ధీమా పడకూడదు. అది కూర్చుని చూసేవాడి లెక్క. కొట్టేది తానే అయితే లెక్క మారిపోతుంది. వేలు గాజును తాకిన క్షణం మెదడుకు కంటి సాక్ష్యం లేకుండానే తెలుసు, చర్మమే చెబుతుంది. వాయిద్యం వాయించేవాళ్లు 10 మిల్లీసెకన్ల ఆలస్యాన్ని కూడా చేతి బరువులా గుర్తుపడతారు. 50 దాటితే వాయిద్యం రాని పిల్లలకూ ఏదో అతకలేదని తెలుస్తుంది. డప్పు మీద చిర్ర, చిటికెన పుల్ల కలిసి సెకనుకు ఎనిమిది దెబ్బలు వేస్తున్నాయనుకోండి. దెబ్బకూ దెబ్బకూ మధ్య 125 మిల్లీసెకన్లే. ఫోను 100 మిల్లీసెకన్లు తిన్నదంటే, మొదటి దెబ్బ చప్పుడు రెండో దెబ్బ వేసే వేళకు వస్తుంది. ఒకటో దెబ్బ, రెండో దెబ్బ అంటూ పేర్లు పెట్టుకుని, తరతరాలుగా నేర్పుకుంటూ వచ్చిన దరువులన్నీ ఆ ఫోనులో ఒకే గందరగోళం.

ఆ మిల్లీసెకన్లు ఎక్కడ పోతున్నాయి? తాకిడిని తెర ఒకేసారి పట్టుకోదు, సెకనుకు ఇన్నిసార్లని తడిమి చూసుకుంటుంది. ఆట సెకనుకు 60 సార్లు తెర మారుస్తుంటే ఒక్కో వాయిదాకూ 16.7 మిల్లీసెకన్లు, తాకిడి కబురు తర్వాతి వాయిదా దాకా ఆగాలి. తర్వాత అసలైన మేత, ఆడియో బఫర్.

స్పీకరుకు చప్పుడు అంకెల వరసగా అందుతుంది. ఫోన్లలో సాధారణంగా సెకనుకు 48,000 అంకెలు. ఒక్కొక్కటీ అందివ్వడం కుదరదు గనక కొన్నిటిని కలిపి ఒక విడతగా పంపుతారు, ఆ విడతే బఫర్. సాగర్ కుడి కాలువ కింద గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మంచినీటి చెరువులు ఉంటాయి. కాలువ వదిలినప్పుడు నింపుకుని, కట్టేశాక వాడుకుంటారు. చెరువు పెద్దదైతే కాలువ ఆలస్యమైనా ఊరికి కరువు లేదు గాని, తాగేది ఎప్పుడో వచ్చిన నీరు. చిన్నదైతే నీరు కొత్తది, కాలువ రెండు రోజులు ఆగితే బిందెలు ఖాళీ. బఫర్ దగ్గరా ఇదే బేరం. 1,024 అంకెల విడతలో 21 మిల్లీసెకన్ల చప్పుడు ఉంటుంది, ఆట కొంచెం తడబడినా మోత ఆగదు. 256 అంకెల విడతలో 5.3 మిల్లీసెకన్లే, ప్రాసెసర్ ఆ వేళకు తర్వాతి విడత సిద్ధం చెయ్యలేకపోతే స్పీకరులో చిటపటలు మొదలవుతాయి. పైగా ఒక్క విడతతో సరిపోదు, ఇంజిన్‌లో ఒకటి, ఆండ్రాయిడ్‌లో ఒకటి, చప్పుడు చిప్పు దగ్గర ఇంకొకటి వరసగా నింపుకుంటూ పోతారు.

యూనిటీలో ఈ బఫర్ పరిమాణం ఎంచుకునే మీట ఆడియో అమరికల్లోనే ఉంది, తక్కువ ఆలస్యం కావాలో నిలకడ కావాలో అడుగుతుంది. ఆండ్రాయిడ్ మొదటి తరాల్లో ఈ ఆలస్యం వంద మిల్లీసెకన్లు దాటిపోయేది. గూగుల్ 2012లో 4.1తో దాన్ని తగ్గించే పని మొదలుపెట్టింది, 2017లో 8.0తో ఏఆడియో అన్న కొత్త దారి వేసింది, 2018లో పాత ఫోన్లలోనూ కొత్త ఫోన్లలోనూ దొరికిన మంచి దారిని ఎంచుకునే ఓబో అన్న లైబ్రరీ ఇచ్చింది. ఏ ఇంజిన్ ఈ దారుల్లో దేన్ని వాడుతోందన్నది దాని ప్రకటనల్లో కనిపించదు. కొలిచి చూడాల్సిందే.

కొలవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. తాకితే ఒక టక్కు వినిపించే ఖాళీ ఆట, ప్రతి ఇంజిన్‌లోనూ ఒకటి, రాసుకోండి. ఆట ఉన్న ఫోను పక్కన రెండో ఫోను పెట్టి రికార్డింగ్ నొక్కండి. గోటితో గాజు మీద గట్టిగా కొట్టండి. రికార్డింగులో రెండు చప్పుళ్లు పడతాయి, మొదట గోటి టక్కు, తర్వాత ఆట టక్కు. ఆ ఫైలును ఆడాసిటీ అనే చప్పుడు పనిముట్టులో తెరిస్తే రెండు శిఖరాలు నిటారుగా కనిపిస్తాయి. వాటి మధ్య దూరమే మొత్తం ఆలస్యం, మిల్లీసెకన్లలో చదువుకోవచ్చు. పది పదిహేను దెబ్బలు కొట్టి మధ్యస్థం తీసుకోండి, ఎక్కువ తక్కువలు కూడా చూడండి. నిలకడగా 60 ఉండే ఆలస్యానికి చేతులు కొంతలో కొంత అలవాటు పడతాయి. ఒకసారి 30, ఒకసారి 90 వచ్చేదానికి అలవాటు పడటం ఎవరి తరమూ కాదు.

ఈ ఆడాసిటీ 1999లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజ్జోని, రోజర్ డానెన్‌బర్గ్ మొదలుపెట్టిన పని. 2000లో అందరికీ విడుదలైంది. ఇరవై ఐదేళ్లుగా ఉచితం. ఆట తయారీలో ఒక్క చప్పుడు పనిముట్టే నేర్చుకునే తీరిక ఉంటే దీన్నే నేర్చుకోండని చెబుతాను.

పరీక్ష ఏ ఫోను మీద చెయ్యాలన్నది ఇంజిన్ ఎంపిక కంటే ముఖ్యం. చేసేవాళ్ల దగ్గర మంచి ఫోనుంటుంది. ఆడేవాళ్ల దగ్గర, మిరప కోతలకు పోయి వచ్చిన తల్లి ఫోను సాయంత్రం పిల్లల చేతికి వస్తుంది: జ్ఞాపకం నిండిపోయి, తెర పగిలి, వెనక నాలుగు యాప్‌లు నడుస్తూ. కొలత ఆ ఫోను మీద తీసుకోవాలి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే దానికి తోడు మరో 100 నుంచి 200 మిల్లీసెకన్లు కలుస్తాయి. ఏ ఇంజిన్ మార్చినా ఇది తగ్గదు.

ఇప్పుడు డప్పు. ఇంటర్నెట్‌లో "భారతీయ డోలు" అన్న పేరుతో దొరికే ముక్కలు తెచ్చి అతికించడం తేలిక. బార్సిలోనాలోని పాంపేవ్ ఫాబ్రా విశ్వవిద్యాలయం 2005లో మొదలుపెట్టిన ఫ్రీసౌండ్ లాంటి చోట్ల మంచి రికార్డింగులు స్పష్టమైన లైసెన్సులతో దొరుకుతాయి, గాలికీ వానకూ అవి చాలు. డప్పుకు చాలవు. మన ఊళ్లో డప్పు కళాకారులు ఉండగా తెచ్చుకున్న ముక్కతో దరువు ఆట చెయ్యడం నాకు సమ్మతం కాదు. వాళ్లను పిలిచి, రోజు కూలి కాదు, వాద్యకారుడికి ఇచ్చే రుసుం ఇచ్చి, ఆ రికార్డింగును ఎక్కడెక్కడ వాడతారో కాగితం మీద రాసిచ్చి, ఆట మొదటి తెర మీద పేరు వేయండి. 1982లో వచ్చిన జీన్ రోఘైర్ పుస్తకం "ది ఎపిక్ ఆఫ్ పల్నాడు"కు ఆధారం పల్నాటిలో ఒక గాయకుడు పాడగా టేపు మీద పట్టుకున్న వీరుల కథ. పాడినవాడు లేకుండా ఆ పుస్తకం లేదు. మన ఆటకూ అంతే.

రికార్డింగులో జాగ్రత్తలు డప్పు స్వభావాన్ని బట్టే ఉంటాయి. చర్మాన్ని మంట దగ్గర కాచి బిగువెక్కిస్తారు, కాసేపు కొట్టాక బిగువు తగ్గుతుంది, స్థాయి దిగుతుంది. అందుకని ఆటకు కావలసిన దెబ్బలన్నీ ఒకే కాపులో పట్టుకోవాలి. దెబ్బ ఒక్కసారిగా విరుచుకుపడి వెంటనే తగ్గే జాతి చప్పుడు. ఫోను మైకు దగ్గరగా పెడితే ఆ మొదటి శిఖరం తెగిపోయి, మోత అట్టపెట్టె మీద కొట్టినట్టు పడుతుంది. ఫోను తనంతట తాను చప్పుడు హెచ్చుతగ్గులు సర్దే ఏర్పాటు ఇంకా చెరుపు చేస్తుంది. దాన్ని ఆపగలిగిన రికార్డింగ్ యాప్ వాడి, మీటరు సగం దాటకుండా దూరం సర్దుకోండి. ఒక్కో రకం దెబ్బను నాలుగైదు సార్లు కొట్టించండి. ఒకే ముక్కను పదేపదే వినిపిస్తే నాలుగో దెబ్బకే చెవి యంత్రాన్ని పట్టేస్తుంది. గొడో 4లో ఉన్న రాండమైజర్, ఎఫ్‌మాడ్, వైజ్ అనే చప్పుడు పనిముట్లలో ఉన్న అలాంటి ఏర్పాట్లు ఆ నాలుగైదింటిలో ఒకటి తీసి, స్థాయిని రవ్వంత అటూ ఇటూ చేసి వినిపిస్తాయి.

ఫైలు ఏ రూపంలో దాచాలన్నదీ ఆలస్యం సంగతే. మార్కెట్లో అందరికీ తెలిసిన ఎంపీ3లో మొదట్లో వెయ్యికి పైగా అంకెల నిశ్శబ్దం చేరుతుంది, అంటే దాదాపు 25 మిల్లీసెకన్లు. బఫర్ తగ్గించడానికి పడ్డ పాట్లన్నీ అక్కడే పోతాయి. చివర కూడా నిశ్శబ్దం చేరుతుంది గనక, తిరిగి తిరిగి వచ్చే దరువు లూపులో ప్రతి చుట్టుకూ కుంటు పడుతుంది. దెబ్బలను కుదించని వావ్ ఫైళ్లుగా, మోనోలో, దెబ్బకు ముందున్న నిశ్శబ్దం ఆడాసిటీలో కోసేసి పెట్టుకోండి. ఒక్కో దెబ్బ అర సెకను ఉంటే 48 కిలోబైట్లు, ముప్పై దెబ్బలున్నా ఒకటిన్నర మెగాబైటే. పొడుగాటి పాటలకు ఆగ్ వార్బిస్ వాడండి, అందులో లూపు అతుకు తెలియదు. సీడీ నాణ్యతలో ఒక నిమిషం స్టీరియో పాట కుదించకపోతే 10.6 మెగాబైట్లు. అది అమ్మ ఫోనులో నాలుగైదు ఫొటోల చోటు.

ఇదే లెక్క మాటలకు ఇంకా బాగా కలిసొస్తుంది. 2021లో మిర్చి పూలల్లో చేరి తోటలను ఊడ్చేసిన నల్ల తామర పురుగును గుర్తుపట్టడం నేర్పే ఆట ఒకటి చెయ్యాలనుకోండి. రైతుకు చదవడం వచ్చినా, ఎండలో ఆ తెర మీద అక్షరాలు ఏం కనిపిస్తాయి? మన యాసలో ఒక మనిషి చెబితే వినడం మేలు. మాట్లాడే గొంతును ఆగ్‌లో సెకనుకు 48 కిలోబిట్ల చొప్పున కుదిస్తే నిమిషానికి 360 కిలోబైట్లు. గంట సేపటి మాటలు 22 మెగాబైట్లలో ఇముడుతాయి.

చప్పుడు పనిముట్లలో పేరు మోసినవి ఎఫ్‌మాడ్, వైజ్. మొదటిది ఆస్ట్రేలియాలోని ఫైర్‌లైట్ టెక్నాలజీస్‌ది, రెండోది మాంట్రియల్‌లోని ఆడియోకైనెటిక్‌ది. ఆ సంస్థను 2019లో సోనీ కొనుక్కుంది. ఆటలో పరిస్థితిని బట్టి సంగీతం మారాలంటే, అంటే మేకలు చిక్కే కొద్దీ దరువు జోరెక్కాలంటే, ఆ మార్పును కోడు రాయకుండా సంగీతం తెలిసిన మనిషే అమర్చుకునే వీలు వీటిలో ఉంటుంది. పెద్ద జట్లకు ఇవి ప్రాణం. ఇద్దరు ముగ్గురు ఉన్న జట్టుకు వీటిని నేర్చుకునే కాలం ఆట తయారీలోంచే పోతుంది. ఒక సంగతి చాలామందికి తెలియదు: యూనిటీ లోపల చప్పుడు నడిపేది కూడా ఎఫ్‌మాడే, పైన కనిపించే అమరికలు మాత్రం తక్కువ. గొడోకు ఎఫ్‌మాడ్ కలిపే పని బయటి ఔత్సాహికులు చేశారు గనక ఇంజిన్ కొత్త తరం వచ్చినప్పుడల్లా వాళ్లు సరిదిద్దేదాకా ఎదురుచూడాలి. 2024 ఆగస్టులో వచ్చిన గొడో 4.3లో పొరలుగా సంగీతం కలపడం, ఒక ముక్కనుంచి ఇంకో ముక్కకు తాళం తప్పకుండా మారడం చేర్చారు. మన రెండు ఆటలకూ అది సరిపోయి ఇంకా మిగులుతుంది.

డబ్బు సంగతి కొద్దిగా. 2023 సెప్టెంబరు 12న యూనిటీ ఆటను ఫోనులో పెట్టుకున్న ప్రతిసారీ రుసుం అంటూ ప్రకటించింది. కొంత అమ్మకం దాటినవాళ్లకే అని చెప్పినా, ఎప్పుడో తయారైన ఆటలకూ వర్తిస్తుందనేసరికి లోకమంతా గోల చేసింది. పది రోజుల్లో సడలించారు, ఏడాది తర్వాత రద్దు చేశారు. రద్దయినా ఆ సెప్టెంబరు నేర్పింది పోదు: అద్దెకు తీసుకున్న పనిముట్టు షరతులు మధ్యలో మారవచ్చు. అర్జెంటీనాకు చెందిన హువాన్ లినియెట్‌స్కీ, ఆరియెల్ మాన్సూర్ రాసి 2014లో ఎంఐటీ లైసెన్సుతో విడిచిపెట్టిన గొడోకు ఆ బెడద లేదు. మీ దగ్గరున్న ప్రతిని ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

డప్పు ఆటకు ఎంపిక ఇలా చేస్తాను. ముందు ఆట రూపం తేల్చుకోవాలి. నడుస్తున్న దరువును వింటూ ఆటగాడు దానితో కలిసి కొట్టాలా, లేక తెరే డప్పై ఏది కొడితే అది మోగాలా? మొదటి రూపంలో ఆలస్యాన్ని దాచేయొచ్చు. దెబ్బ చప్పుడు పాటలోనే ఉంటుంది, వేలు తాకినప్పుడు కొత్త చప్పుడేదీ పుట్టించక్కర్లేదు, సరైన వేళకు తాకాడో లేదో లెక్కిస్తే చాలు. ఆ లెక్క తెర గడియారంతో కాక చప్పుడు గడియారంతో చెయ్యాలి. గొడోలో ఆడియో సర్వరు, యూనిటీలో డీఎస్పీ టైమ్, బ్రౌజరులో వెబ్ ఆడియో కరెంట్ టైమ్ అందుకోసమే ఉన్నాయి. ఆట మొదట్లో పది దెబ్బలు కొట్టించుకుని ఆ ఫోను ఆలస్యం ఎంతో పట్టుకుని, అంతా తీసివేసుకుంటూ పోవాలి. మనుషులు తాళంతో కలిసి కొట్టేటప్పుడు కొన్ని పదుల మిల్లీసెకన్లు ముందే కొడతారన్నది మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఎన్నో ప్రయోగాల్లో చూసిన సంగతి. ఈ పది దెబ్బల కొలతలో అదీ కలిసి సర్దుకుపోతుంది. ఈ రూపానికి గొడో 4 చాలు, బ్లూటూత్‌తో కూడా ఆడొచ్చు.

రెండో రూపంలో దాచడానికి చోటు లేదు. పైన చెప్పిన గోటి పరీక్షలో ఆ పాత ఫోను మీద గొడో 50 లోపల వస్తే దానితోనే వెళ్లండి. రాకపోతే యూనిటీలో తక్కువ ఆలస్యం అమరిక పెట్టి మళ్లీ కొలవండి. అదీ రాకపోతే చప్పుడు భాగం ఒక్కటి ఓబో మీద సి ప్లస్ ప్లస్‌లో రాయించుకుని, బొమ్మల భాగం ఉన్నచోటే ఉంచండి. ఆ భాష వచ్చినవాళ్లు జట్టులో లేకపోతే మొదటి రూపానికి మారండి.